తెల్ల గడి

ఆకాశం నుంచి తీసిన సముద్రం ఫొటో ప్రతి పొద్దుటా ఇంటింటి గోడమీదకీ వచ్చే కాలమది. అందులో పడవను ఆనవాలు పట్టి చెబితే తప్ప, ఉప్పాడలో వెతకడానికి ఎవరూ బయల్దేరడం లేదు.

తుఫాను వెలిసిన పొద్దున, వేటకెళ్లిన మొగుడి కోసం వెతుకుతున్న నూకరత్నానికి ఫొటో నిండా పరుచుకున్న చిన్న చిన్న నీలం గడుల మధ్య ఒకే ఒక్క తెల్ల గడి కనిపించింది. చేపలు తోముతున్న చేత్తోనే దాన్ని పెద్దది చేసింది. గడి అరచేతంతయింది, గోడంతయింది. పడవ మాత్రం కాలేదు.

"ఎంత సాగదీసినా అంతేనే. అంత ఎత్తు నుంచి పడవంతా కలిపి ఒక్క గడే," అంది అత్త.

అంతలో పక్కింటి ఎల్లాయమ్మ పరుగెత్తుకొచ్చింది. "వదినా, మావోడి పడవ కనబడింది!" అంటూ ఆ గడిమీదే వేలు పెట్టింది. నూకరత్నం పక్కకు జరిగి ఆమెకు గోడ దగ్గర చోటిచ్చింది.

మర్నాడు కొత్త ఫొటో వచ్చింది. గాలి మళ్లీ లేచినట్టుంది, సముద్రం నిండా తెల్ల గడులే. అల విరిగిన చోటల్లా ఒకటి.

"నిన్నటిదీ నురగేనేమోనే," అంది అత్త.

నూకరత్నం తడిచేయి ఎత్తింది గానీ, వాటిలో దేన్ని పెద్దది చేయాలో తెలియక అలాగే నిలబడిపోయింది.