నేర్చుకునే కొమ్మ

బావి మీదికి వంగిన తుమ్మచెట్టుపై గిజిగాళ్ళు పెద్దను ఎన్నుకుంటున్నారు. నచ్చినవాడి కొమ్మకు గడ్డిపోచ కట్టాలి.

"పిల్లలు వంకరటింకర గూళ్ళు అల్లే ఆ కింది కొమ్మ దండగ. దాన్ని కొట్టేసి, ఇంటింటికీ అల్లిన గూడే ఇస్తాను," అన్నాడు పోటీలో ఉన్న ఇద్దరిలో మొదటివాడు.

"ఆ కొమ్మ పిల్లలదే. ఎవర్నీ ముట్టనివ్వను," అన్నాడు రెండోవాడు.

ముసలి గిజిగాడు కింది కొమ్మకేసి చూశాడు. తండ్రి లేని తనకు అల్లిక వచ్చింది అక్కడే. అప్పట్లో పెద్దగా ఉన్నవాడు పోచకొస పట్టుకుని, ముడి జారినప్పుడల్లా "మళ్ళీ వెయ్యరా" అనేవాడు.

"నువ్విచ్చిన గూడు గాలికి తెగితే, మా మనవళ్ళు ఎవరి గుమ్మం ముందు నిలబడాలి నాయనా?" అని మొదటివాణ్ణి అడిగాడు.

రెండోవాడి కొమ్మకు పోచ కట్టబోతే ముసలి ముక్కులోంచి ముడి జారింది.

వెనక వరుసలోంచి పదిమంది పిల్లల గొంతులు ఒక్కసారే అన్నాయి, "మళ్ళీ వెయ్యి తాతా."