గులాబీ సబ్బు నురగ

"అమ్మా, కాస్త సబ్బిస్తారా? పైపు మీద నురగ రాసి చూడాలి," అన్నాడు గ్యాస్ తనిఖీకి వచ్చినతను.

మామూలు సబ్బు అయిపోయింది. నిన్న పెళ్ళిరోజుకని భర్త ఇచ్చిన పెట్టెలోంచి గులాబీ పువ్వులా మలిచిన సబ్బు తీసింది ఆమె. ఆ రేకులు తడపడానికి మనసొప్పకపోయినా ఇచ్చింది.

"సెంటు సీసాలు కూడా తెచ్చారు. పొద్దున ఊరెళ్తూ మూతలు తీసి గదికొకటి ఆయనే సర్దారు. వాసన పోతుంది, కిటికీలు తీయొద్దన్నారు. ఇవాళ పొయ్యి జోలికే వెళ్ళొద్దని భోజనం కూడా కొనిచ్చారు," అంది మురిపెంగా.

అతను నురగ తీసి పైపు నట్టు చుట్టూ రాశాడు. అది బుడగలు బుడగలుగా ఉబ్బింది. గబగబా రెగ్యులేటరు కట్టేసి, కిటికీలన్నీ బార్లా తెరిచాడు.

"లీకైతే మనకి తెలియాలనే గ్యాస్‌లో ఆ కంపు కలుపుతారమ్మా. మీ సెంటు దాన్ని మింగేసింది."

తర్వాత నట్టు మీద వేలు పెట్టాడు. "ఇది దానంతటది వదులవలేదు. ఎవరో పానా పెట్టి తిప్పారు. ఈ గీతలు చూడండి, కొత్తవి."

అంతలో ఫోను మోగింది. భర్తే.

"పెట్టె అడుగున కొవ్వొత్తి ఉంది, చూశావా? చీకటి పడుతోందిగా, వెలిగించు," అన్నాడు ప్రేమగా. "ఫోను మాత్రం పెట్టేయకు. వెలిగించేదాకా నేను లైన్లోనే ఉంటా."