ఇసుక మూలగదు

ఏడోసారి మంచం ఎత్తేసరికి భద్రయ్యకు నవ్వు ఆగలేదు. మంచం మీద ఉన్నవి రెండు ఇసుక బస్తాలు మరి.

నలుగురూ భుజాలు పెట్టారు. ముత్యాలు ముందుకు లాగాడు, జంపయ్య పక్కకు లాగాడు. మంచం ఒరిగి బస్తా జారిపడింది. గూడెమంతా పగలబడి నవ్వింది.

వెంకటనారాయణ సారు నవ్వలేదు. ఆయన పట్నంలో రోబోలు చేస్తాడు. చక్రాల మీద నడిచే నాలుగు యంత్రాలు ఒక బల్లను కలిసి మోయాలి. అవేమో తలోదిక్కు లాగి పడేస్తున్నాయి. అడవిలో రోగుల్ని మంచం మీద మోసేవాళ్లు మాటాపలుకూ లేకుండా ఒక్కటిగా నడుస్తారని ఎవరో చెబితే, ఆ కిటుకేదో వీడియో తీసుకుపోదామని డ్రైవరు రామన్నను వెంటబెట్టుకుని జీపులో దిగాడు. వారమైంది. కిటుకు చిక్కలేదు.

"నిజంగా మోసేటప్పుడూ ఇంతేనా?" అని విసుక్కున్నాడు.

"అప్పుడు గిట్లెందుకైతది సారూ? పైన మనిషి మూలిగితే నలుగురి కాళ్లకూ తెలుస్తది. ఇసుక మూలగదు గద" అన్నాడు భద్రయ్య.

సారు అతని ముఖంలోకి కాసేపు చూసి కెమెరా మూసేశాడు.

ఆ తర్వాత మూడో రోజు పొద్దున భద్రయ్య భార్య కొండమ్మకు నొప్పులు మొదలయ్యాయి. పెళ్లైన ఎనిమిదేళ్లకు నిలిచిన కడుపు. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. భద్రయ్య సారు దిగిన బడి దగ్గరికి ఉరికాడు.

"జీపు నిన్న సాయంత్రమే రిపేరుకు ఇల్లందు పోయింది భద్రయ్యా. ఆలస్యం చెయ్యకండి. మంచం మీద వేసుకుని బయలుదేరండి" అని సారు తొందరపెట్టాడు.

ఆస్పత్రికి బండి దొరికే తారురోడ్డు ఐదు కోసులు, దాదాపు పది మైళ్లు. నలుగురిలో ఎవరూ నోరు మెదపలేదు. కొండమ్మ మూలిగితే ఎనిమిది కాళ్లూ నెమ్మదించాయి. వాగులో ముత్యాలు మోకాలు మడతపడితే, మిగతా మూడు భుజాలూ చెప్పకుండానే కిందికి వంగాయి.

అక్కడే సారు కెమెరాతో, చెమటలు కక్కుకుంటూ నడిచొచ్చి కలిశాడు. తన సీసాలో నీళ్లు కొండమ్మకు పట్టించాడు.

"ఇంకెంత దూరం?" అని అడిగింది కొండమ్మ.

"అగో, వచ్చినం" అన్నాడు భద్రయ్య. ఇంకా రెండు కోసులుంది.

తారురోడ్డు కనబడేసరికి మూలుగు ఆగిపోయింది. ఆ నలుగురూ ఒకే అడుగు మీద నిలబడిపోయారు.

భద్రయ్య ఆ ఏడుపులోనూ సారును మరిచిపోలేదు. ఎండలో తమతో పాటు నడిచిన పెద్దమనిషి. అందుకే రెండు నెలల తర్వాత ఖమ్మంలో ప్రదర్శనకు రమ్మని కబురు పెడితే, ఉతికిన చొక్కా వేసుకుని పోయాడు.

స్టేజీ మీద నాలుగు యంత్రాలు ఒక బొమ్మ మంచాన్ని ఎత్తి తొణక్కుండా మోసుకుపోయాయి. హాలంతా చప్పట్లు. సారు భద్రయ్యను పైకి పిలిచి శాలువా కప్పాడు. భద్రయ్య వంగి ఆయన కాళ్లకు మొక్కాడు.

జనం సారు చుట్టూ మూగాక, భద్రయ్య మూలన టీవీలో సారు తీసిన వీడియోలు వేస్తున్న హైమ అనే అమ్మాయిని పట్టుకున్నాడు.

"అమ్మా, ఆ వీడియోల నా పెండ్లాం ఉంటది. ఆమెది ఒక్క ఫోటో గూడ లేదు నాకు. ఒక్కసారి చూపిస్తవా?"

ఆ పిల్ల జాలిపడి, క్యాసెట్‌ను మొదటికంటా తిప్పి పెట్టింది.

తెర మీద ముందు ఆకులు కనిపించాయి. ఆకుల సందుల్లోంచి మంచం వచ్చింది. మంచం పట్టె మీంచి కొండమ్మ చెయ్యి వేలాడుతోంది. ఆ చేతి గాజులు చూద్దామని భద్రయ్య టీవీకి దగ్గరగా వంగాడు.

టీవీలోంచి సారు గొంతు గుసగుసగా వినిపించింది: "రామన్నా, వాళ్లు మనల్ని దాటిపోయేదాకా జీపు స్టార్ట్ చెయ్యకు."