తుస్సుకి పది

శనివారం ఉదయం సైకిల్ షాపులో నలుగురున్నారు. ఐదో మనిషి లోపలికొచ్చాడు.

నలుగురిలో ఒకడు షాపు మెకానిక్. అందరూ మేస్త్రి అంటారు. ఇద్దరు కొండ సైకిళ్ల క్లబ్బు సభ్యులు: బ్యాంకు క్యాషియరు, మందుల షాపాయన. నాలుగో మనిషి బట్టలు కుట్టే ఆవిడ. క్లబ్బులో ఆవిడని దర్జీ అంటారు.

క్యాషియరు కొత్త సైకిల్ కొన్నాడు. కార్బన్ ఫ్రేము, ముందూ వెనకా సస్పెన్షన్, మీట నొక్కితే కిందికి దిగే సీటు.

మందుల షాపాయన దాన్ని ఒంటిచేత్తో ఎత్తి చూశాడు. సైకిల్లో తగ్గించిన బరువంతా తొక్కేవాడిలో ఉందన్నాడు. ముందు నీ చెయినుకి నూనె పెట్టుకోమన్నాడు క్యాషియరు.

దర్జీ ఈ మాటల్లో లేదు. ఆవిడ సైకిల్ స్టాండు మీద ఉంది. మర్నాడు కొండ మీద పోటీ.

రెండేళ్లుగా ఆవిడ ఆ పోటీలో ముగింపు గీత దాటలేదు. రెండుసార్లూ ఒకే చోట పడింది. బండలు మెట్లలా దిగే చోట. మొదటిసారి కాలరు ఎముక విరిగింది. రెండోసారి తలకి తగిలింది.

వరసగా మూడేళ్లు గీత దాటనివాళ్ల పేరు నాలుగో ఏడు తీసుకోరు. అది పోటీ రూలు.

మేస్త్రి ముందు చక్రం పైన కుదుపుల్ని మింగే ఫోర్కుకి పంపు బిగించి గాలి కొట్టాడు. ఆవిడ బరువుకి పంపు మీటరు మీద ఎనభై చాలు. తొంభై కొట్టాడు. పంపు విప్పేటప్పుడు తుస్సుమని గాలి పోతుంది కాబట్టి, ఆ పది ముందే కలపాలి.

క్లబ్బంతా అదే లెక్క. తుస్సుకి పది.

ఐదో మనిషి పక్కన నిలబడి చూశాడు. అరవై ఏళ్లుంటాయి. ఏం కావాలని మేస్త్రి అడిగితే ఏమీ వద్దన్నాడు. ఫోర్కు గొట్టం మీదున్న రబ్బరు రింగు చూపించి, ఇది ఎంతవరకు జరుగుతుందని దర్జీని అడిగాడు.

ఫోర్కు ఎంత కుంగితే రింగు అంత పైకి జరిగి, అక్కడే ఆగిపోతుంది. సగం దాకా వస్తుందని ఆవిడ చెప్పింది.

"పడ్డ సైకిళ్లకి సగంలోనే ఉంటుందమ్మా. గాలి ఎక్కువై సరిగ్గా కుంగట్లేదు. ఆ పదీ తీసేయండి."

మేస్త్రి ఆయనకి తుస్సు సంగతి వివరించాడు.

"అది ఫోర్కు గాలి కాదు బాబూ. పంపు గొట్టంలో మిగిలింది. లోపలి గాలి లోపలే ఉంటుంది."

మేస్త్రి పదహారేళ్లుగా ఈ పని చేస్తున్నానన్నాడు. క్యాషియరు కలగజేసుకుని, మీరేం సైకిల్ తొక్కుతారని అడిగాడు.

"నాకు సైకిల్ రాదు."

నవ్వారు. ఒడ్డున కూర్చున్నవాడు ఈత గురించి ఎన్నయినా చెప్తాడన్నాడు మందుల షాపాయన.

దర్జీకి కోపం వచ్చింది.

"రేపు పడేది నేనండీ. దెబ్బలు నాకు. మధ్యలో మీకేం నొప్పి?"

"నిజమేనమ్మా" అని ఆయన వెళ్లిపోయాడు.

సాయంత్రం ఆవిడ కుట్టుమిషను పక్కకి జరిపి, గదిలో సైకిల్ నిలబెట్టింది. భర్తని హ్యాండిలు పట్టుకోమంది. గాలి ఎనభైకి దించింది. పంపు బిగించి ఉండగానే ఎక్కి కూర్చుంది, మెల్లగా దిగింది. రింగు ఎంత జరిగిందో టేపుతో కొలిచింది. పంపు విప్పింది. తుస్సుమంది. రింగు కిందికి దించి మళ్లీ ఎక్కింది, దిగింది, కొలిచింది.

తేడా లేదు.

మూడుసార్లు చేసింది. మూడుసార్లూ లేదు. ఇన్నేళ్లుగా ఇంతమందిలో ఒక్కరూ టేపు పెట్టి చూడలేదా అని భర్త అడిగాడు. ఆవిడ మేస్త్రికి ఫోన్ చేసింది.

పోటీ ముందురోజు సెట్టింగు మార్చకూడదన్నాడు మేస్త్రి. మారిస్తే తనకి పూచీ లేదన్నాడు.

"పూచీ నాది" అంది దర్జీ.

మర్నాడు బండల దగ్గర ఆవిడ బ్రేకు వదిలింది. మొదటి మెట్టుకి ఫోర్కు కుంగింది. చక్రం ఎగరలేదు. రెండో మెట్టు. మూడో మెట్టుకి మోచెయ్యి చెట్టుకి రాసుకుంది. హ్యాండిలు వదల్లేదు. నాలుగు. ఐదు. కింద మట్టి తగిలింది.

గీత దాటింది. నలభై ఒకటో స్థానం. రింగు గొట్టం చివరికి వేలెడు దూరంలో ఉంది.

క్యాషియరు ఆ బండల దగ్గర కొత్త సైకిల్ భుజాన వేసుకుని నడిచి దిగాడు. గీత దగ్గర మేస్త్రి ఆవిడ ఫోర్కుని రెండుసార్లు నొక్కి చూశాడు. పంపు తీసుకుని, ఆ పదీ తీసేయడానికి మందుల షాపాయన సైకిల్ దగ్గర కూర్చున్నాడు.

దర్జీ ఆ పెద్దాయన కోసం వెతికింది. అన్న మాటకి క్షమాపణ చెప్పుకోవాలి. చూసినవాళ్లు లేరు. ఎవరో ఎక్కడుంటారో తెలిసినవాళ్లూ లేరు.

మోచేతికి కట్టు కట్టించుకోవడానికి ప్రథమ చికిత్స గుడారానికి వెళ్లింది. నర్సు ఆవిడని గుర్తుపట్టింది. ఈసారి మీ కాళ్ల మీద మీరే వచ్చారే అంది.

నర్సు బల్ల మీద ఫ్రేము కట్టించిన ఫొటో ఒకటుంది. పదకొండేళ్లుగా ఆ బండల దగ్గర అంబులెన్సు డ్యూటీ చేసినాయన పోయిన నెల రిటైరయ్యాడని, ఆయనకిద్దామని చేయించామని నర్సు చెప్పింది. ఇవ్వడం కుదరలేదట. ఊళ్లో ఇంకొక్క పని ఉందని నిన్నటిదాకా ఆగి, పొద్దున్నే బస్సెక్కి కూతురి దగ్గరికి వెళ్లిపోయాడట.

దర్జీ ఫొటో చేతిలోకి తీసుకుంది.

పోయినేడాది ఫొటో అది: స్ట్రెచరు మీద కళ్లు మూసుకుని ఉన్నది తను, ముందు వైపు పట్టుకుని బండలు దిగుతున్నది సైకిల్ రానాయన.