పచ్చగుర్తు

ఎర్రరంగు డబ్బా ఊపి, ఫారెస్టర్ ఆర్న్ట్ ఆ బీచ్ చెట్టు మొదలు మీద ఏటవాలుగా గీత గీశాడు. ఎర్రగీత పడిందంటే గురువారం రంపం వస్తుంది. సోలింగ్ కొండల్లో స్ప్రూస్ చెట్లు పురుగు పట్టి ఎప్పుడో పోయాయి. ఇప్పుడు బీచ్ చెట్ల వంతు.

"ఆగు బాబూ!"

కింది ఊళ్ళో ఉండే గెర్లిండె. డెబ్బై ఏళ్ళ మనిషి, కొండెక్కి రొప్పుతోంది.

"దీన్ని మాత్రం కొట్టకు. ఆ గుండె చూడు."

నున్నటి బూడిదరంగు బెరడు మీద గుండె బొమ్మ, లోపల రెండు అక్షరాలు. చెట్టుతోపాటు అవీ లావెక్కి, పోల్చుకోలేనట్టు సాగిపోయాయి.

"మా ఆయన పద్దెనిమిదో ఏట చెక్కాడు. మా పెళ్ళయి నలభై ఐదేళ్ళు. ఒక్క ఆదివారం మానలేదు. వచ్చి దీని కిందే కూర్చుంటాడు."

"ఎండిపోయిందండీ. వరసగా మూడు వేసవులు వాన లేదు. పైన ఆ కొమ్మ చూశారా? గాలి లేనప్పుడే ఊడి పడుతుంది."

"ముందు చప్పుడు చెయ్యదూ?"

"చేసేలోపే నెత్తిన ఉంటుంది."

"అయ్యో!" ఆమె బెరడు నిమిరింది. "ఇది నిలబడితే చాలు బాబూ. నాకింకేం అక్కర్లేదు."

ఆర్న్ట్‌కి పెళ్ళయి పదిహేడు రోజులు. ఆ పూట భార్య వీబ్కె కట్టిచ్చిన రొట్టె మీద కూడా వెన్నతో గీసిన గుండె బొమ్మే ఉంది. ఇక వాడి చేతిలో రంపం ఏం ఆడుతుంది?

ఎర్రగీతను కప్పేసి పచ్చగుర్తు వేశాడు. దానంతటదే కూలేదాకా చెట్టును వడ్రంగిపిట్టలకు వదిలేశామని దానర్థం.

"సోమవారం ఈ దారి మూసేస్తాను. ఈలోగా ఆయన్ని ఇటు రానివ్వకండి."

"నేను చెబుతానుగా," అంది గెర్లిండె, కళ్ళొత్తుకుంటూ.

ఆదివారం ఆకు కదల్లేదు. తను కాపాడిన చెట్టును చూపిద్దామని ఆర్న్ట్ వీబ్కెను వెంటబెట్టుకొచ్చాడు. సరిగ్గా ఆ కొమ్మ కింద గెర్లిండె భర్త హార్ట్‌విగ్ చతికిలబడి ఉన్నాడు.

"లేవండి! ఇవతలికి రండి!" దూరం నుంచే కేకేశాడు ఆర్న్ట్. "మీ ఆవిడ చెప్పలేదా?"

ముసలాయన నవ్వి, కాఫీ ఫ్లాస్కు మూత తిప్పాడు.

"చెప్పకేం, ఈ గుండెలో ఉన్నది తన పేరు కాదని ఇన్నేళ్ళూ చెట్టు ఊసెత్తితేనే మండిపడేది, ఇవాళ మాత్రం తనే ఫ్లాస్కు చేతికిచ్చి, 'ఫారెస్టాయన పచ్చగుర్తు వేశాడు, ఇక నిశ్చింతగా కూర్చో' అని పంపింది!"