ఎత్తిపట్టిన డబ్బా

ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి పత్తి మూటలతో పోతున్న పాత పెట్రోలు లారీ సగం దారిలో దగ్గి, తుమ్మి, ఆగిపోయింది.

డ్రైవర్ సిద్ధప్ప బానెట్ తీసేశాడు. పక్కన కూర్చున్న బసన్న దిగి పొద్దు వైపు చూశాడు.

ఆ సాయంత్రం ఆదోనిలో కుస్తీ. పేరు పిలిచినప్పుడు బరిలో లేకపోతే గెలిచినవాడికిచ్చే వెండి కడియం గోనెగండ్ల పహిల్వాను బజారికి ఊరికే దక్కుతుంది. ఈ ఏడే కొత్తగా దిగుతున్న ఆ బజారిని వీళ్లిద్దరూ ఎప్పుడూ చూడలేదు. పోయినేడు ఓడిన బసన్న మాత్రం మగ్గం మీద కూర్చుని కూడా కుస్తీ పట్లే కలగన్నాడు.

సిద్ధప్ప కార్బొరేటర్ విప్పాడు.

"సుక్క పెట్రోలు లేదప్పా ఈడ. ట్యాంకు నిండా ఉంది. పంపు పోయింది."

అంతలో ఒక సైకిలు వచ్చి ఆగింది. ఎండకు మొహమంతా తువ్వాలు చుట్టుకున్న మనిషి.

"నన్ను ఎక్కించుకోన్నా. ఆదోనిలో బజారితో కుస్తీ ఉంది నాకు" అన్నాడు బసన్న.

ఆ మనిషి కాసేపు అతన్నే చూశాడు.

"ఇద్దర్ని మోయదప్పా ఇది. టైరు సూడు."

సిద్ధప్ప మాత్రం ఊరుకునే రకం కాదు. డబ్బాలో పెట్రోలు పట్టి, రబ్బరు గొట్టంతో కార్బొరేటర్‌కు కలిపాడు. పైనుంచి పెట్రోలు దానంతటదే దిగుతుంది. ఎవరో ఒకరు మడ్‌గార్డు మీద కూర్చుని డబ్బా ఎత్తిపట్టుకోవాలి, అంతే.

బసన్న చెయ్యి చాపాడు.

"నువ్వు ముట్టుకోవద్దు" అన్నాడు సిద్ధప్ప. "చెయ్యి పడిపోతే కుస్తీ యాడ పడతావు?"

"ఇట్లియ్యి" అంటూ సైకిలాయన డబ్బా అందుకున్నాడు. "నేనూ ఆడికే పోతాండా."

"నీకెందుకన్నా ఇంత కష్టం?"

"ఎదురు మనిషే లేకుంటే అదేం కుస్తీ?"

సైకిలు మూటల మీదికెక్కింది. బండి గర్జించింది. బసన్న ప్రాణం లేచొచ్చింది.

దారంతా గుంతలే. మడ్‌గార్డు మీద సైకిలాయన ఎడమచెయ్యి లైటును పట్టుకుంది, కుడిచెయ్యి డబ్బాను. పెట్రోలు మోచేతి దాకా కారుతోంది.

"దించొద్దన్నా, దించితే ఆగిపోతాది" అని సిద్ధప్ప అరిచాడు.

"నువ్వు తోలప్పా."

ఆదోని చేరేసరికి డప్పులు మోగుతున్నాయి. బసన్న పేరు రెండోసారి పిలుస్తున్నారు. అతను దూకి, వెనక్కి చూడకుండా పరుగెత్తాడు.

బరిలో బజారి గట్టిగానే నిలిచాడు. కానీ కుడిచెయ్యి భుజం దాటి లేవలేదు. బసన్న ఆ చేతినే దొరకబుచ్చుకుని, మెలితిప్పి చిత్తు చేశాడు.

ఈలలు, కేకలు. కడియం తొడిగారు. సిద్ధప్ప అతన్ని భుజాల మీదికెత్తుకుని చిందులేశాడు. బసన్నకు ఒళ్లు తెలియని ఆనందం.

చెమట తుడుచుకుందామని అరచెయ్యి మొహానికి తెచ్చుకున్నాడు.

గుప్పున పెట్రోలు వాసన.

"అన్నా" అని పిలిచాడు. డప్పుల మోతలో అది ఎవరికీ వినపడలేదు.

జనం అవతల గోనెగండ్ల బజారి మొహానికి తువ్వాలు చుట్టుకుని, కుడిచెయ్యి వేలాడేసుకుని, ఎడమచేత్తో సైకిలు నెట్టుకుంటూ పోతున్నాడు.