సున్నా చూపిన బిళ్ల

అప్పడాల కంపెనీలో పొయ్యిలు పోయాయి, లారీలు పోయాయి. గాలిలోకి వదిలే కార్బన్‌ను సున్నాకి తెస్తామని యాజమాన్యం ఇచ్చిన మాట నిలబడాలంటే, ఇక తగ్గించాల్సింది పనివాళ్ల ఊపిరే. దాన్ని కొలిచే బిళ్ల అందరి మెడలోనూ వేలాడుతోంది. అప్పడాలు ఒత్తుతూ పాడుకునే పాటలు ఎప్పుడో మానేశారు.

ఆ రోజు పైడమ్మ బిళ్ల సున్నా చూపించింది. సూపర్‌వైజరు అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. పక్క పీట మీద కూర్చున్న వరహాలు మాత్రం భయంభయంగా ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి ఆడడం లేదు. చేతిలో అప్పడాల కర్ర మాత్రం ఆగలేదు.

"ఒదినా! ఊపిరి తియ్యట్లేదేటి?"

పైడమ్మ తల తిప్పి నవ్వింది.

"మొదట్రోజే కష్టం వరాలూ. తర్వాత గుర్తే రాదు."

ఇంకా ఆమె ముక్కు దగ్గరే ఉన్న వరహాలు వేలికి ఆ మాటల వెచ్చదనం తగల్లేదు.